మైనస్ ఒకటికి వర్గమూలం ఉందా, లేదా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి శీర్షిక మొత్తం సంకీర్ణ సంఖ్యలకే. వర్గ సమీకరణాల గురించి రాసిన దగ్గర్నుంచీ వస్తున్న ఉత్తరాలు, మెయిళ్లు చాలావరకు మైనస్ ఒకటి వర్గమూలం దగ్గరే ఆగుతున్నాయి, కాబట్టి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వాటినే తీసుకున్నాను. మైనస్ 1 వర్గమూలానికి అందరూ వాడే ఐ అక్షరమే ఇక్కడా వాడుతున్నా, అంటే ఐ × ఐ = -1. 3 + 2ఐ లాగా ఒక మామూలు (వాస్తవ) సంఖ్యకి కొన్ని ఐలు కలిపి రాసేదే సంకీర్ణ సంఖ్య. ముందుగా తెలిసుండాల్సింది ఇంతే.

ప్రశ్న: పదో తరగతిలో విచక్షణి (వర్గ సమీకరణం సూత్రంలో వర్గమూలం గుర్తు లోపల వచ్చే సంఖ్య) రుణాత్మకం అయితే "మూలాలు లేవు" అని రాసేదాన్ని, మార్కులు పడేవి. ఇంటర్‌లో అదే రాస్తే తప్పంటున్నారు, ఐ పెట్టి రాయమంటున్నారు. లేనిదానికి ఒక అక్షరం తగిలించేస్తే ఉన్నట్టు అయిపోతుందా సార్?
(ఇంటర్ విద్యార్థిని, తెనాలి)

జవాబు: న్యాయమైన అనుమానమే అమ్మా. పదో తరగతిలో నువ్వు రాయాల్సిన వాక్యం "వాస్తవ మూలాలు లేవు" అని. ఆ ఒక్క మాట వదిలేసినా మార్కులు పడ్డాయి కాబట్టి ఇప్పుడు మోసపోయినట్టు అనిపిస్తోంది. కానీ అసలు ఇబ్బంది వేరే ఉంది. ఈ పాఠాన్ని దాదాపు అందరూ ఒకేలా మొదలుపెడతారు: ఏ సంఖ్య వర్గానికి 1 కలిపితే సున్నా వస్తుంది? అలాంటిది లేదు. లేదు కాబట్టి ఒకటి పెట్టుకుందాం, దాన్ని ఐ అందాం. ఇలా చెబితే ఎవరు మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి? రేపు ఇంకొకరొచ్చి, ఒకటిని సున్నాతో భాగిస్తే వచ్చేదానికి కూడా ఒక అక్షరం పెట్టుకుందాం అంటే దాన్నీ ఒప్పుకోవాలా?

నిజానికి ఈ సంఖ్యలు ఆ దారిలో రాలేదు. సమాధానం లేని లెక్కకి సమాధానం తెస్తామంటే అప్పట్లోనూ ఎవరూ పట్టించుకోలేదు. శుభ్రమైన సమాధానం ఉన్న లెక్క మధ్యలో ఇవి అడ్డంగా వచ్చి నిలబడ్డాక మాత్రం పట్టించుకోక తప్పలేదు.

ఇటలీలో జిరోలామో కార్డానో అని ఒక వైద్యుడు, గణితంలో ఘనాపాఠీ, 1545లో అచ్చువేసిన బీజగణిత గ్రంథంలో ఒక లెక్క ఇచ్చాడు. 10ని రెండు భాగాలు చేయాలి, ఆ భాగాల్ని గుణిస్తే 40 రావాలి. సమంగా విడగొట్టినా 5 × 5 = 25 దాటదు కాబట్టి ఇది కుదరదని చిన్నపిల్లలకీ తెలుస్తుంది. ఆయన మాత్రం మామూలు సూత్రం వాడేసి, 5కి మైనస్ 15 వర్గమూలం కలిపితే ఒక భాగం, తీసేస్తే రెండోది అన్నాడు. కలిపితే 10 వస్తుంది, గుణిస్తే 25 + 15 = 40 వస్తుంది. వచ్చింది కానీ, ఇది ఎంత సూక్ష్మమో అంత పనికిమాలినది అని ఆయనే తేల్చేశాడు. అక్కడితో కథ అయిపోయేదే.

కానీ అదే పుస్తకంలో ఘన సమీకరణాలకి కూడా ఒక సూత్రం ఉంది. ఈ లెక్క చూడు: ఒక సంఖ్య ఘనం, ఆ సంఖ్యకి 15 రెట్లు వేసి 4 కలిపినదానికి సమానం. ఆ సంఖ్య ఏది? 4 వేసి చూడు, 64 = 60 + 4, సరిపోయింది. ఊహించి చెప్పగలిగేంత తేలిక లెక్క. ఇప్పుడు సూత్రంతో చేద్దాం. 4లో సగం 2, దాని వర్గం 4. 15లో మూడో వంతు 5, దాని ఘనం 125. మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి వర్గమూలం కట్టమంటుంది సూత్రం, అంటే -121కి వర్గమూలం! సమాధానం ఎదురుగా 4 అని కనబడుతూనే ఉంది, సూత్రమేమో లేని వర్గమూలం అడుగుతోంది. ఇప్పుడు "మూలాలు లేవు" అని రాసి పేపరు ఇచ్చేయడం కుదరదు కదా.

దీన్ని పట్టుకుని కూర్చున్నవాడు రఫాయెల్ బొంబెల్లి. చిత్తడి నేలల్లోంచి నీళ్లు మళ్లించి పొలాలు చేసే ఇంజనీరు. 1572లో అచ్చయిన తన బీజగణితంలో ఆయన చేసిందల్లా, భయపడకుండా మామూలు లెక్కలాగే ముందుకు వెళ్లడం. -121 వర్గమూలం అంటే 11ఐ, కాబట్టి సూత్రం ప్రకారం సమాధానం, 2 + 11ఐ ఘనమూలం, 2 - 11ఐ ఘనమూలం, ఈ రెండింటి మొత్తం. 2 + ఐని దానితోనే గుణిస్తే 4 + 4ఐ - 1, అంటే 3 + 4ఐ. దాన్ని మళ్లీ 2 + ఐతో గుణిస్తే 6 + 3ఐ + 8ఐ - 4, అంటే 2 + 11ఐ. కాబట్టి మొదటి ఘనమూలం 2 + ఐ, రెండోది 2 - ఐ. కలిపితే ఐలు రెండూ కొట్టేసుకుని 4 మిగిలింది. అరకు రైలు సొరంగంలో దూరి కొండకి అవతలి పక్క వెలుతురులో తేలినట్టు, లెక్క వాస్తవ సంఖ్యలతో మొదలై, మధ్యలో కాసేపు ఐల లోంచి వెళ్లి, మళ్లీ వాస్తవ సంఖ్య దగ్గరే తేలింది.

అందుకే ఐని ఒప్పుకోవడం అంటే ఏదో గుడ్డిగా నమ్మడం కాదు. మామూలు కూడిక, గుణకారం నియమాలకి ఐ × ఐ = -1 అన్నది ఒక్కటి చేర్చి ఎంత దూరం వెళ్లినా ఎక్కడా తేడా కొట్టదు, పైగా తెలిసిన సమాధానాలు కూడా సరిగ్గా వస్తాయి. సున్నాతో భాగించి అక్షరం పెట్టుకుంటే అలా కాదు. ఆ అక్షరాన్ని సున్నాతో గుణిస్తే ఒకటి రావాలి, దేన్నైనా సున్నాతో గుణిస్తే సున్నా కూడా రావాలి, అంటే ఒకటీ సున్నా సమానం అయి కూర్చుంటాయి. పెట్టుకున్న అక్షరం లెక్కని చెడగొడుతుందా లేదా అన్నదే పరీక్ష, ఐ ఆ పరీక్ష పాసైంది.

ప్రశ్న: మా అబ్బాయికి ఈ అధ్యాయంలో కూడిక, తీసివేత వస్తున్నాయి, గుణకారం, భాగహారం దగ్గర ప్రతిసారీ ఏదో ఒక తప్పు చేస్తున్నాడు. నేను డిగ్రీలో కామర్స్, ఈ లెక్కలు మర్చిపోయి చాలా కాలమైంది. ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
(ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: మీరు మర్చిపోయినా ఫర్వాలేదండీ, ఒక సాయంత్రం చాలు. కూడిక గురించి చెప్పేదేమీ లేదు, వాస్తవ భాగాన్ని వాస్తవ భాగంతో, ఐ ఉన్నదాన్ని ఐ ఉన్నదానితో కలపడమే. గుణకారంలో కూడా కొత్త సూత్రం బట్టీ పట్టించకండి. పుస్తకంలో నాలుగు అక్షరాలతో ఒక సూత్రం ఉంటుంది, దాన్ని బట్టీ పట్టిన పిల్లలే ప్లస్సులూ మైనస్సులూ తారుమారు చేస్తారు. ఎనిమిదో తరగతిలో బ్రాకెట్లు ఎలా విప్పారో అలాగే విప్పించండి. (3 + 2ఐ)ని (1 + 4ఐ)తో గుణిస్తే 3 + 12ఐ + 2ఐ + 8ఐ². ఐ² కనిపించిన చోట -1 వేస్తే 8 కాస్తా -8 అవుతుంది. 3 - 8 = -5, మధ్యలో 14ఐ. జవాబు -5 + 14ఐ.

ఇప్పుడు అసలు కిటుకు, సరిచూసుకోవడం. ఒక సంకీర్ణ సంఖ్యలో రెండు భాగాల వర్గాలూ కలిపితే దాని మాపం, అంటే మాడ్యులస్, వర్గం వస్తుంది. 3 + 2ఐకి 9 + 4 = 13. 1 + 4ఐకి 1 + 16 = 17. జవాబుకి 25 + 196 = 221. 13 × 17 ఎంత? 221. లెక్క సరిగ్గా చేస్తే ఇది ఎప్పుడూ సరిపోతుంది. 8ని మైనస్ చేయడం మర్చిపోయి 11 + 14ఐ అని రాసి ఉంటే 121 + 196 = 317 వచ్చి దొరికిపోయేవాడు. ఈ ఒక్క అలవాటు చేయించండి చాలు, సగం తప్పులు పరీక్ష హాల్లోనే వాడే పట్టుకుంటాడు. (రెండు భాగాలూ తారుమారు చేసి రాస్తే మాత్రం ఇది పట్టుకోదు, అది కళ్లతో చూసుకోవాల్సిందే.)

భాగహారంలో కింద ఐ ఉంటే ఏం చేయాలో తోచదు. కిందున్నదాని సంయుగ్మంతో, అంటే ఐ ముందున్న గుర్తు మార్చి రాసినదానితో, పైనా కిందా గుణించాలి. పై సంఖ్యలే తీసుకుంటే, (3 + 2ఐ)ని (1 + 4ఐ)తో భాగించాలి. కింద (1 + 4ఐ)(1 - 4ఐ) = 1 + 16 = 17, ఐ మాయమైపోయింది. పైన (3 + 2ఐ)(1 - 4ఐ) = 3 - 12ఐ + 2ఐ + 8 = 11 - 10ఐ. జవాబు 17లో 11 వంతులు మైనస్ 17లో 10 ఐ వంతులు. ఇది కూడా వాడికి తెలిసిన పనే, తొమ్మిదో తరగతిలో హారంలో √2 ఉంటే అకరణీకరణం చేస్తారు కదా, అదే.

ఘాతాల దగ్గర టెన్షన్ పడతారు కానీ అక్కడ అసలేమీ లేదు. ఐ, -1, -ఐ, 1, ఈ నాలుగే తిరిగి తిరిగి వస్తాయి. ఐకి 2027వ ఘాతం కావాలంటే చివరి రెండంకెలు 27ని 4తో భాగించి శేషం చూడాలి. 3 మిగిలింది కాబట్టి -ఐ. (1 + ఐ)కి పదో ఘాతం అడిగితే పది సార్లు గుణించక్కర్లేదు, (1 + ఐ) వర్గం 2ఐ, దానికి ఐదో ఘాతం 32ఐ. ఎంట్రన్సుల్లో ఇలాంటివి ఇష్టంగా ఇస్తారు.

ఒక్క గొయ్యి మాత్రం ముందే చూపించండి. √-4ని √-9తో గుణించమంటే చాలామంది లోపలి సంఖ్యల్ని గుణించేసి √36, అంటే 6 అంటారు. తప్పు. 2ఐ × 3ఐ = 6ఐ² = -6. రెండు వర్గమూలాల్నీ ఒకే గుర్తు కిందికి తెచ్చే సూత్రం, లోపల రెండూ రుణ సంఖ్యలైనప్పుడు పనిచేయదు. ముందు ఐ బయటికి తీయాలి, తర్వాతే గుణకారం. ఆయిలర్ అంతటి గణితజ్ఞుడు 1770 నాటి తన బీజగణితంలో √-1ని √-4తో గుణిస్తే 2 అని రాశాడు, ఆయన ఉద్దేశం ఏమిటని చరిత్ర రాసేవాళ్లు ఇంకా వాదించుకుంటున్నారు, కాబట్టి మీవాణ్ణి ఈ ఒక్కదానికి తిట్టకండి.

వాడికి ఓపిక ఉంటే ఒక గ్రాఫ్ కాగితం తీసి బొమ్మ కూడా చూపించండి. 3 + 2ఐ అంటే కుడికి 3, పైకి 2 వెళ్లిన బిందువు. దాన్ని ఐతో గుణిస్తే 3ఐ - 2 వస్తుంది, అంటే ఎడమకి 2, పైకి 3. రెండు బిందువుల్నీ మధ్యలో సున్నాతో గీత కలిపితే సరిగ్గా లంబకోణం వస్తుంది. ఐతో గుణించడమంటే గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో 90 డిగ్రీలు తిప్పడం. రెండుసార్లు తిప్పితే 180 డిగ్రీలు, అది -1తో గుణించడమే. ఐ² = -1 అన్నది కాగితం మీద ఇలా కనిపించాక దాంట్లో వింత ఏమీ మిగలదు. సంకీర్ణ సంఖ్యలకి ఈ బొమ్మ గీసింది నార్వేలో పుట్టి డెన్మార్క్‌లో భూములు కొలిచే సర్వేయరు కాస్పర్ వెసెల్ (1797లో చదివాడు, 1799లో అచ్చయింది), విడిగా పారిస్‌లో ఆర్గాండ్ (1806). పుస్తకాల్లో ఆర్గాండ్ పేరే నిలిచింది, పాపం వెసెల్ వ్యాసాన్ని దాదాపు వందేళ్లు ఎవరూ చూడలేదు.

ప్రశ్న: 3 + 4ఐ పెద్దదా, 5 + ఐ పెద్దదా?
(ఇంటర్ విద్యార్థి, నంద్యాల)

జవాబు: ఏదీ కాదు. సున్నా నుంచి ఎవరు దూరం అని అడిగితే చెప్పొచ్చు, మొదటిది 5, రెండోది √26, కాబట్టి రెండోది కాస్త దూరం. పెద్ద చిన్న అనేది మాత్రం ఇక్కడ కుదరదు. ఐ సున్నా కంటే పెద్దది అనుకో, పెద్దదాన్ని పెద్దదానితో గుణిస్తే సున్నా కంటే పెద్దదే రావాలి, వచ్చింది -1. చిన్నది అనుకుంటే రెండు రుణ సంఖ్యల లబ్ధం ధనం కావాలి, మళ్లీ -1 వచ్చింది. ఎటు చూసినా చెడింది.

ప్రశ్న: సంకీర్ణ సంఖ్యలు మన ప్రాచీన భారతీయులే కనిపెట్టారని, పాశ్చాత్యులు తర్వాత తీసుకున్నారని వాట్సాప్‌లో ఒక వ్యాసం తిరుగుతోంది. ఇందులో నిజమెంత?
(రిటైర్డ్ హెడ్మాస్టరు, రాజమహేంద్రవరం)

జవాబు: మాస్టారూ, ఆ వ్యాసం నాకూ వచ్చింది. అందులో నిజం లేదు, కానీ అసలు నిజం దానికంటే ఆసక్తికరంగా ఉంది.

మనవాళ్లు ఈ ప్రశ్న గురించి ఆలోచించారు, ఆలోచించి లేదన్నారు. క్రీస్తు శకం 850 ప్రాంతంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో స్పష్టంగా చెప్పాడు: రుణ సంఖ్య స్వభావం రీత్యానే వర్గం కాదు, కాబట్టి దానికి వర్గమూలం లేదు. 1150లో భాస్కరాచార్యుడు బీజగణితంలో చెప్పిందీ దాదాపు ఇదే. మీకు తెలిసే ఉంటుంది, ఈ గణితసారసంగ్రహమే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన చేతిలో తెలుగు పద్యాల్లోకి వచ్చింది, తెలుగులో శాస్త్ర గ్రంథం అంటే ముందు దాని పేరే చెబుతారు. నన్నడిగితే "లేదు" అని అంత సూటిగా చెప్పడం చిన్న విషయం కాదు. ప్రశ్న వేసుకుని, వాస్తవ సంఖ్యల మేరకు సరైన జవాబు, కారణంతో సహా ఇచ్చారు. యూరప్‌లో చాలామంది అప్పటికి రుణ సంఖ్యల్నే సంఖ్యలుగా ఒప్పుకోలేదు. మన బ్రహ్మగుప్తుడు 628లోనే అప్పు, ఆస్తి లెక్కన వాటికి కూడికలూ గుణకారాలూ నియమాలు రాసి పెట్టాడు.

ఆ బ్రహ్మగుప్తుడి దగ్గరే ఇంకోటి ఉంది, వాట్సాప్ వ్యాసం రాసినాయన దాన్ని వదిలేశాడు. పైన ఖమ్మం పెద్దమనిషికి చెప్పిన సరిచూసే కిటుకు, 13 × 17 = 221 = 25 + 196, గుర్తుందా? రెండేసి వర్గాల మొత్తాలైన రెండు సంఖ్యల్ని గుణిస్తే వచ్చేది కూడా రెండు వర్గాల మొత్తమే. ఇంతకంటే విస్తృతమైన రూపంలో ఈ నియమం బ్రహ్మగుప్తుడి వర్గప్రకృతి లెక్కల్లో (ఒక వర్గానికి ఇన్ని రెట్లు వేసి ఇంకో సంఖ్య కలిపితే మళ్లీ వర్గమే రావాలనే లెక్కలు) ఉంది, దాన్ని భావన అన్నారు. ఉదాహరణకి 5 = 4 + 1, 13 = 9 + 4. వాటి లబ్ధం 65ని 16 + 49 గానూ, 64 + 1 గానూ రెండు రకాలుగా విడగొట్టొచ్చు. ఎందుకు రెండు రకాలు? (2 + ఐ)ని (3 + 2ఐ)తో గుణిస్తే 4 + 7ఐ, (3 - 2ఐ)తో గుణిస్తే 8 - ఐ. అంటే సంకీర్ణ సంఖ్యల గుణకారం అంకెలన్నీ ఆ లెక్కల్లో ఉన్నాయి, ఐ ఒక్కటే లేదు. ఇదే 65ని రెండు రకాలుగా విడగొట్టే సంగతి గ్రీకు గణితజ్ఞుడు డయోఫాంటస్ కూడా మూడో శతాబ్దంలోనే ప్రస్తావించాడు, అదీ చెప్పాలి. బ్రహ్మగుప్తుడి గొప్పతనం దీనివల్ల తగ్గదు. చేయనిది చేశాడని చెబితేనే, చేసింది జనానికి కనబడకుండా పోతుంది.

ప్రశ్న: నేను డిప్లొమా ట్రిపుల్ఈ చదువుతున్నా. మాకు ఐ బదులు జె అని ఉంటుంది. జెని చూసి భయమేసి సర్క్యూట్లు బట్టీ కొడుతున్నా. ఇది నిజంగా ఎక్కడైనా పనికొస్తుందా, పరీక్ష కోసమేనా అన్నా?
(వరంగల్)

జవాబు: తమ్ముడూ, నీ బ్రాంచిలో కరెంటుకి ఐ అక్షరం ముందే రిజర్వు అయిపోయింది, అందుకే జె. మిగతాదంతా ఒకటే. ఇక పనికొస్తుందా అంటే, ఒకే ఒక్క లెక్క చివరిదాకా చేసి చూపిస్తా.

ఒక కాయిల్ తీసుకో, రెసిస్టెన్స్ 30 ఓమ్‌లు, 50 హెర్ట్జ్ దగ్గర రియాక్టెన్స్ (ఏసీ కరెంటుకి కాయిల్ పెట్టే అడ్డు) 40 ఓమ్‌లు. 230 వోల్టుల సప్లైకి పెడితే కరెంటెంత? 30, 40 కలిపి 70 అంటే తప్పు. రెసిస్టెన్స్ దగ్గర వోల్టేజీ, కరెంటు కలిసి నడుస్తాయి, కాయిల్ దగ్గర వోల్టేజీ 90 డిగ్రీలు ముందుంటుంది. 90 డిగ్రీలు తిప్పడం అంటే ఐతో, మీ భాషలో జెతో గుణించడం అని పైన చెప్పుకున్నాం. కాబట్టి ఇంపిడెన్స్, అంటే రెండూ కలిసిన మొత్తం అడ్డు, 30 + 40జె. దాని మాపం 900 + 1600 వర్గమూలం, 50 ఓమ్‌లు. కరెంటు 230 బై 50, అంటే 4.6 ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్ (వోల్టేజీ, కరెంటు లబ్ధంలో నిజంగా ఖర్చయ్యే వంతు) 30 బై 50, అంటే 0.6. ఖర్చయ్యే పవరు 4.6 వర్గం ఇంటు 30, 634.8 వాట్లు.

ఇప్పుడు దీనికి పక్కన పేరలల్‌గా కెపాసిటర్ పెడదాం. పేరలల్ అంటే తలకిందులు చేసి కలపాలి, అంటే 1ని 30 + 40జెతో భాగించాలి. సంయుగ్మం 30 - 40జెతో పైనా కిందా గుణిస్తే కింద 2500, జవాబు 0.012 - 0.016జె. ఆ - 0.016జె చూశావా, అదే మనకి తలనొప్పి. కెపాసిటర్ వైపు నుంచి + 0.016జె తెచ్చి కలిపితే అది సున్నా అయిపోతుంది. 0.016ని 314తో (2 ఇంటు పై ఇంటు 50) భాగిస్తే సుమారు 51 మైక్రోఫారడ్‌లు. అలా పెట్టాక మిగిలేది 0.012 మాత్రమే, సప్లై నుంచి వచ్చే కరెంటు 230 × 0.012 = 2.76 ఆంపియర్లు. పవరు? 230 × 2.76 = 634.8 వాట్లు, అదే. కాయిల్ చేసే పనిలో రవ్వంత తేడా లేదు, వైర్లో కరెంటు మాత్రం 4.6 నుంచి 2.76కి పడిపోయింది. వైర్లో వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది 36 శాతానికి దిగింది.

బోరు మోటార్లకి కెపాసిటర్లు బిగించుకోండని రెండు రాష్ట్రాల్లోనూ డిస్కమ్‌లు రైతులకి చెప్పేది ఇందుకే. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ అయితే అది కాలిపోవడానికి ఈ అక్కర్లేని కరెంటు కూడా ఒక కారణం. (నేను చెప్పిన 51 పట్టుకెళ్లి పొలం మోటారుకి పెట్టకు, అది త్రీ ఫేజు, లెక్క వేరు.) ఏసీ సర్క్యూట్లని ఇలా చేయొచ్చని 1893లో షికాగోలో జరిగిన విద్యుత్ మహాసభలో చార్లెస్ స్టైన్‌మెట్జ్ చూపించాడు. ఆయన దారి లేకపోతే నువ్వు ఇవే లెక్కల్ని సైన్లూ కొసైన్లూ వేసుకుని పేజీలకి పేజీలు నింపుతూ ఉండేవాడివి. కాబట్టి భయపడాల్సింది జెకి కాదు, జె లేని సర్క్యూట్ల పుస్తకానికి.

ప్రశ్న: మైనస్ 1కి వర్గమూలం లేదని ఐ తెచ్చారు, సరే. మరి ఐకి వర్గమూలం కావాలంటే ఇంకో అక్షరం, దానికి కావాలంటే ఇంకోటి, ఇలా పోతూనే ఉండాలా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్)

జవాబు: ఈ నెల వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. అక్కర్లేదు. ఐ అంటే 90 డిగ్రీలు తిప్పడం అయితే, రెండుసార్లు చేస్తే 90 వచ్చేది 45 డిగ్రీలు తిప్పడం. ఆ దిశలో సున్నాకి 1 దూరంలో ఉన్న బిందువు, 1 + ఐని √2తో భాగించినది. సరిచూస్తే (1 + ఐ) వర్గం 2ఐ, √2 వర్గం 2, భాగిస్తే ఐ. కొత్త అక్షరం అవసరం లేకుండానే వచ్చేసింది.

వర్గమూలాలే కాదు, సంకీర్ణ సంఖ్యల గుణకాలతో ఏ ఘాతం బహుపది సమీకరణం రాసినా దాని మూలాలన్నీ సంకీర్ణ సంఖ్యల్లోనే ఉంటాయి. దీన్ని బీజగణిత ప్రాథమిక సిద్ధాంతం అంటారు, 1799లో గాస్ తన డాక్టరేట్ వ్యాసంలో నిరూపించాడు, అందులో మిగిలిన ఒక ఖాళీని తర్వాతివాళ్లు పూడ్చారు. సమీకరణాల కోసమైతే ఐతో బండి ఆగిపోయింది.

వేరే అవసరాల కోసం ముందుకెళ్లినవాళ్లు ఉన్నారు. తలం మీద తిప్పడానికి ఐ ఉంది కదా, మూడు కొలతల్లో తిప్పడానికి ఏం కావాలని డబ్లిన్‌లో హామిల్టన్ ఏళ్ల తరబడి కొట్టుకున్నాడు. మూడు భాగాల సంఖ్యలతో కుదర్లేదు, నాలుగు భాగాలతో కుదిరింది, వాటినే క్వాటర్నియన్లు అంటారు. 1843 అక్టోబర్ 16న కాలవ గట్టున భార్యతో నడుస్తుండగా తట్టి, దారిలో ఉన్న బ్రూమ్ వంతెన రాతి మీద ఆ సూత్రం చెక్కేశాడట. దానికి చెల్లించిన మూల్యం, ముందువెనుకలు మారిస్తే గుణకారం జవాబు మారిపోవడం. మీరు గేముల కోడింగ్ వైపు వెళ్తే ఆ క్వాటర్నియన్లు మీకు అక్కడ తగులుతాయి.

మీకు ఒక పని కూడా ఇస్తా, ఏ సంకీర్ణ సంఖ్యకైనా వర్గమూలం చేతితో కట్టే పద్ధతి. 5 + 12ఐ తీసుకోండి. మాపం 25 + 144 వర్గమూలం, 13. దానికి వాస్తవ భాగం 5 కలిపి సగం చేస్తే 9, తీసేసి సగం చేస్తే 4. వాటి వర్గమూలాలు 3, 2. ఐ ముందు ప్లస్ ఉంది కాబట్టి జవాబు 3 + 2ఐ, దానితో పాటు మైనస్ గుర్తుతో -3 - 2ఐ. మైనస్ ఉండుంటే 3 - 2ఐ, -3 + 2ఐ అయ్యేవి. ఇదే పద్ధతిలో ఐకి కట్టి చూడండి, వాస్తవ భాగం సున్నా, మాపం 1, కలిపినా తీసేసినా సగం చేస్తే సగమే వస్తుంది, పైన చెప్పిన 45 డిగ్రీల బిందువే దొరుకుతుంది. తర్వాత -7 + 24ఐకి మీరే కట్టండి.